చీలమండ మోటార్ ఆలస్యంగా లాగుతోంది, ఏ సెన్సర్ పెట్టాలి?

ఎంటెక్ ప్రాజెక్టు కోసం చీలమండకి కట్టుకునే రోబోటిక్ సపోర్ట్ చేస్తున్నాను. మనిషి ముందుకి తూలితే మోటార్ పిక్క వెనక కేబుల్‌ని లాగాలి, పాదం ముందు భాగం నేలని గట్టిగా నొక్కాలి. అంతే పని.

సిగ్నల్ పిక్క మీద అతికించిన ఈఎంజీ (కండరంలోని విద్యుత్ సంకేతాన్ని పట్టే) ప్యాడ్‌ల నుంచి తీసుకుంటున్నాను. చిక్కంతా ఇక్కడే. కాళ్ల కింద నేల కదిలాక కండరం స్పందించడానికే దాదాపు 100 మిల్లీసెకన్లు పడుతుంది, నా మోటార్ ఆ తర్వాత లేస్తుంది. తమ్ముణ్ణి చక్రాల పలక మీద నిలబెట్టి, పలకని వెనక్కి లాగాను. వాడు అప్పటికే ఒక అడుగు ముందుకేసి నిలదొక్కుకున్నాడు. అప్పుడు లాగింది మోటార్, మళ్లీ తూలాడు! (నడుముకి తాడు కట్టాను లెండి.)

2023లో సైన్స్ రోబోటిక్స్ జర్నల్‌లో వచ్చిన పేపర్‌లోనూ ఇదే తేలింది: శరీరం కన్నా ముందే అందిన సాయమే బ్యాలెన్స్‌కి పనికొచ్చింది.

మరి ఈఎంజీ వదిలేసి మోకాలి కింద ఐఎంయూ (వంపునీ కదలికనీ కొలిచే సెన్సర్) పెట్టాలా, చెప్పు అడుగున ప్రెషర్ సెన్సర్లా? ఐఎంయూ పెడితే, చెప్పులు తీసుకోవడానికి వంగినా మోటార్ లేస్తుందేమోనని టెన్షన్. తూలడానికీ కావాలని వంగడానికీ తేడా కోణంతో పట్టాలా, కోణీయ వేగంతోనా? చేసి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.