పాత కార్ట్రిజ్‌లో సేవ్ పోకుండా బ్యాటరీ మార్చడం ఎలా?

సూపర్ నింటెండో అనే పాత గేమ్ కన్సోల్‌లో ఆడే 1994 నాటి ఫైనల్ ఫాంటసీ గేమ్ కార్ట్రిజ్ ఉంది నా దగ్గర, అమెరికాలో 3 అనే నంబరుతో వచ్చినది. రెండో స్లాట్‌లో చిన్నప్పుడు అన్నయ్యా నేనూ ఆడిన సేవ్ ఇంకా బతికే ఉంది, పాత్రలకి మా ముద్దుపేర్లే పెట్టుకున్నాం. దాన్ని పోగొట్టుకోవడం నాకు అస్సలు ఇష్టం లేదు.

సేవ్‌ని పట్టి ఉంచేది లోపలి సీఆర్2032 బ్యాటరీయే కదా, కొత్తదైతే 3 వోల్టులు, మల్టీమీటర్‌లో ఇది 2.6 చూపిస్తోంది. ఈ మధ్య ఆన్ చేసినప్పుడు ఒక్కోసారి స్లాట్లన్నీ ఖాళీగా కనిపిస్తున్నాయి, ఆపి మళ్ళీ పెడితే వస్తున్నాయి, అదే టెన్షన్.

పిన్నులు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను, తేడా లేదు. సేవ్‌ని ముందు కంప్యూటర్‌లోకి కాపీ చేద్దామని యూఎస్‌బీ కార్ట్రిజ్ రీడర్ తెప్పించాను. గేమ్ మొత్తం శుభ్రంగా చదివింది, చెక్‌సమ్ (డేటా తప్పు లేకుండా వచ్చిందో చూసే లెక్క) కూడా సరిపోయింది, కానీ 8 కేబీ సేవ్ ఫైల్ మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఎఫ్ఎఫ్‌లే, అంటే అసలు డేటా ఏమీ రాలేదు. రీడర్‌లో లోరోమ్, హైరోమ్ (కార్ట్రిజ్ మెమరీ అమరికలో రెండు రకాలు) రెండు సెట్టింగులూ, వేరే కేబులూ, వేరే కంప్యూటరూ అన్నీ అయ్యాయి. అదే కార్ట్రిజ్ తీసి కన్సోల్‌లో పెడితే సేవ్ మామూలుగానే లోడ్ అవుతోంది!

ఇక కాపీ మీద ఆశ వదిలేసి నేరుగా బ్యాటరీ మారుద్దామనుకుంటున్నా. కార్ట్రిజ్ స్క్రూలు విప్పే 3.8 ఎంఎం గేమ్‌బిట్, ట్యాబులున్న కొత్త బ్యాటరీ, సోల్డరింగ్ ఐరన్ సిద్ధంగా ఉన్నాయి. పాతది ఊడదీసే ముందు ఒకదాని వెనక ఒకటి (సిరీస్‌లో) కలిపిన రెండు ఏఏ సెల్స్‌ని దాని రెండు కొనలకీ సమాంతరంగా కలిపి ఉంచితే మెమరీకి కరెంటు ఆగకుండా అందుతుందా, ఇలా చేసి సేవ్ నిలబెట్టుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?