పొలిట్కోవ్‌స్కాయా 2001 చెచ్న్యా కథనం ఏ పుస్తకంలో ఉంది?

రష్యన్ పాత్రికేయురాలు అన్నా పొలిట్కోవ్‌స్కాయా 2001 ఫిబ్రవరిలో, రష్యా సైన్యానికీ వేర్పాటువాదులకూ యుద్ధం నడుస్తున్న చెచ్న్యాలోని ఖతూని గ్రామానికి వెళ్లారు. సైనికులు స్థానికులను నేలలో తవ్విన గోతుల్లో బంధిస్తున్నారన్న ఫిర్యాదుల నిజానిజాలు తేల్చడానికి వెళ్లిన ఆమెను సైన్యం అక్కడే నిర్బంధించింది. విడుదలయ్యాక ‘నోవయా గజెటా’ పత్రికలో ఆమె రాసిన కథనం పూర్తి ఆంగ్ల పాఠం నాకు కావాలి.

ఆమె పుస్తకాల్లో ముందు ‘ఎ డర్టీ వార్’ చూశాను. అది 2001లోనే వెలువడినా, అందులోని కథనాలు 1999 వేసవిలో మొదలై ఈ పర్యటనకు ముందే ఆగిపోతాయి. ‘పుతిన్స్ రష్యా’లో రష్యన్ సైనికాధికారి కర్నల్ బుదానోవ్‌పై నడిచిన హత్య కేసు విచారణ వివరంగా ఉంది. సైనికుల నేరాలు కోర్టులో ఎలా నానుతాయో చూపే గొప్ప అధ్యాయం అది, అయితే నేను వెతుకుతున్నది వేరు. ‘ఎ రష్యన్ డైరీ’ 2003 డిసెంబరులో మొదలవుతుంది కాబట్టి పక్కన పెట్టాను.

రష్యన్ మూలాన్ని కంప్యూటర్‌తో అనువదించి చూశాను. ఊళ్ల పేర్లు తారుమారయ్యాయి, బాధితుల మాట ఏదో అధికారి మాట ఏదో తెలియడం లేదు. ఇలాంటి రచనలో ఏ మాట ఎవరిదన్నదే ప్రాణం, అందుకే ఆ పాఠాన్ని నమ్మలేను.

ఇక మిగిలినవి ‘ఎ స్మాల్ కార్నర్ ఆఫ్ హెల్’ (2003), 2006లో ఆమె హత్య జరిగిన తర్వాత వచ్చిన వ్యాస సంకలనం. గ్రంథాలయం ద్వారా వీటిలో ఒక్కటే తెప్పించుకోగలను. రెండూ చదివినవారు చెప్పండి: ఖతూని కథనం కుదించకుండా పూర్తిగా ఉన్నది ఏ పుస్తకంలో?