క్రాకోవ్ వస్తున్నాం, బాబుకి వీజింగ్ ఉంది, సిటీ బయట ఇల్లు తీసుకోవచ్చా?

కొత్త మెంబర్:
అందరికీ నమస్తే అండి. నవంబర్‌లో పోలాండ్ క్రాకోవ్‌లో జాయినింగ్, మా ఆవిడ, నాలుగేళ్ల బాబు కూడా వస్తున్నారు. బాబుకి చలి పడదు, నెబులైజర్ వాడతాం. స్కావినాలో ఇండిపెండెంట్ ఇంట్లో పై పోర్షన్ దొరికింది, సిటీ కంటే అద్దె బాగా తక్కువ. చలికాలం అక్కడ పొగ ఎక్కువని ఎవరో అన్నారు, నిజమేనా?

పాతకాపు:
నిజమే తమ్ముడూ, అద్దె తక్కువని అప్పుడే అడ్వాన్స్ కట్టేయకు. ఇక్కడ పొల్యూషన్ అంటే చాన్నాళ్లు అందరూ బండ్లనీ నోవా హుతా స్టీల్ ప్లాంట్‌నీ తిట్టుకున్నారు గానీ చలికాలంలో అసలు తంటా ఇళ్లల్లో బొగ్గు బాయిలర్లతోనే. ఊరేమో విస్తులా నది లోయలో ఉంది, గాలి ఆడని రాత్రి చల్లగాలి కింద పేరుకుపోయి వెచ్చటి గాలి పైన మూత పెట్టినట్టు కూర్చుంటుంది, ఇక చిమ్నీ పొగ ఎటూ పోక వీధిలోనే ఉండిపోతుంది.

సిటీ మటుకు మారింది, ఒప్పుకోవాలి. 2012లో మామూలు జనం క్రాకోవ్ స్మాగ్ అలారం అని పెట్టి రోడ్డెక్కారు, 2013లో బొగ్గు బ్యాన్ వస్తే కోర్టు కొట్టేసింది, వీళ్లు ఊరుకోలేదు, 2015లో చట్టం మారింది, 2016లో బ్యాన్ మళ్లీ పాసైంది, 2019 సెప్టెంబర్ 1 నుంచి సిటీలో బొగ్గూ కట్టెలూ రెండూ బంద్. బాయిలర్ మార్చుకోడానికి డబ్బులిచ్చారు కాబట్టి జరిగింది, ఉత్త పోస్టర్లతో అయ్యే పని కాదని నా ఉద్దేశం.

కానీ ఆ బ్యాన్ సిటీ హద్దు దాకానే. స్కావినా, విలీచ్కా లాంటి చుట్టుపక్కల ఊళ్లకి రూల్ వేరు, బాగా పాత బాయిలర్ల గడువు 2022 ఆఖరు అన్నది కాస్తా 2024 ఏప్రిల్‌కి జరిపారు, అయినా ఇంకా కొందరు కాలుస్తూనే ఉన్నారు. సాయంత్రం ఆ వీధుల్లో కాసేపు నడిస్తే చాలు, గొంతు గరగర, జాకెట్‌కి పట్టిన వాసన మర్నాడు ఆఫీసు దాకా వస్తుంది.

కొత్త మెంబర్:
ఓనర్‌ది గ్యాస్ బాయిలరే అంట అన్నా, అయితే పర్లేదా?

పాతకాపు:
ఓనర్ గ్యాస్ పెడితే ఏం లాభం, పక్కింటోడు బొగ్గేస్తే మీవాడు పీల్చేది ఆ గాలే కదా. గాలిలో పొల్యూషన్ ఎంతుందో చూపించే ఎయిర్లీ యాప్‌లో ఆ వీధి దగ్గర సెన్సర్ ఉందేమో చూడు. రోజూ పొద్దున్నే లేచి చెక్ చెయ్యి, అప్పుడిక్కడ అర్ధరాత్రి దాటి ఉంటుంది, చలి పెరిగేకొద్దీ నీకే తెలుస్తుంది. డబ్ల్యూహెచ్ఓ లెక్కన పీఎం 2.5, అంటే ఊపిరితిత్తుల్లోకి దూరే సన్నటి ధూళి, రోజు సగటున క్యూబిక్ మీటర్ గాలికి 15 మైక్రోగ్రాములు దాటకూడదు. నన్నడిగితే సిటీలోనే చిన్న ఫ్లాట్ చూస్కో, యాడ్‌లో ‘ఒగ్జెవానియె మియెయ్‌స్కియె’ అని ఉంటే సిటీ వేడినీళ్ల పైపుల హీటింగ్, కరెంట్ హీటింగ్ అయితే బిల్లు వాచిపోద్ది.

వరంగల్ అక్క:
పాత బిల్డింగుల్లో బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉంటుంది, దాంతో జాగ్రత్త తమ్ముడు. గోడకి జాలీ ఉంటది, చల్లగాలి వస్తోందని దానికి టేప్ వెయ్యకండి, గాలి ఆడకపోతే గీజర్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది, దానికి వాసన కూడా ఉండదు, డిటెక్టర్ కొని పెట్టుకోండి. బాబు పడుకునే రూంలో హెపా (సన్న ధూళిని పట్టే ఫిల్టర్) ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్ పెట్టండి, కిటికీలు యాప్ చూసి మధ్యాహ్నం పూట తియ్యండి. సర్జికల్ మాస్క్ ఈ పొగకి పనిచెయ్యదు.

కొత్త మెంబర్:
థాంక్స్ అక్కా. సిటీలో కూడా ఎవరైనా కాలిస్తే?

వరంగల్ అక్క:
986కి ఫోన్ చెయ్యండి, మున్సిపల్ గార్డులు వచ్చి చూస్తారు. చెత్త కాలిస్తే కోర్టుకెళ్తే 5000 జ్లోటీల దాకా ఫైన్ పడొచ్చు.