క్లోరోఫారం మరణాలు: హైదరాబాద్ కమిషన్ ఎక్కడ పొరబడింది?

మూసీతీరం:
ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆదరణతో 1888లోనూ 1889లోనూ హైదరాబాదులో ఆపరేషన్లలో మత్తు కోసం పీల్పించే క్లోరోఫారం మీద రెండు విచారణ కమిషన్లు పనిచేశాయని, ఆ మందు నేరుగా గుండెను ఆపదని అవి తేల్చాయని చదివాను. గుండె ఆగి రోగులు చనిపోతున్నారనే కదా వైద్యులు దాన్ని తరువాత వదిలేశారు? వందల జంతువుల మీద పరీక్షించి కూడా అంత పెద్ద విషయం వారి కంటికి ఎలా ఆనలేదో తెలిసినవారు వివరించగలరు.

పాతకాగితాలు:
ఈ తగవు హైదరాబాదులో పుట్టినది కాదు. 1847 నవంబరు 4 రాత్రి ఎడింబరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ అనే వైద్యుడు తన ఇద్దరు సహాయకులతో కలిసి ఇంట్లోనే క్లోరోఫారం పీల్చి చూడగా ముగ్గురూ స్పృహ తప్పిపోయారు. అప్పటికే వాడుకలో ఉన్న మత్తుమందు ఈథర్ కంటే త్వరగా పనిచేస్తుంది, ఘాటు తక్కువ, నిప్పు అంటుకోదు, మందు చల్లి పీల్పించడానికి ఒక్క రుమాలు ఉంటే చాలు. అందుకే అది చూస్తుండగానే వ్యాపించింది. మూడు నెలలైనా గడవకముందే, 1848 జనవరి 28న, న్యూకాసిల్ దగ్గరి వింలాటన్‌లో కాలిగోరు తీయించుకోబోయిన హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల పిల్ల కొద్ది నిమిషాల్లోనే చనిపోయింది.

పీల్చే గాలిలో ఆవిరి పాళ్లు పెరిగితే గుండే ఆగిపోతుందని, రుమాలుతో ఆ పాళ్లు ఎవరి అదుపులోనూ ఉండవని లండన్‌లో జాన్ స్నో అనే వైద్యుడు వాదించి, కొలత ప్రకారం ఇచ్చే పరికరం తయారుచేశాడు. (అదే స్నో 1853లో విక్టోరియా రాణికి ప్రసవ సమయంలో రుమాలుతోనే ఇచ్చాడనుకోండి.) ఊపిరిని గమనిస్తే చాలు, నాడి పట్టుకోనక్కరలేదన్నది ఎడింబరోలో సర్జన్ జేమ్స్ సైమ్ పద్ధతి. హైదరాబాదులో బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్‌గా, వైద్య పాఠశాల అధిపతిగా ఉన్న ఎడ్వర్డ్ లారీ ఆ సైమ్ శిష్యుడే. అతని మొదటి కమిషన్ తీర్పును లండన్ వైద్య పత్రిక లాన్సెట్ ఒప్పుకోకపోవడంతో, ఆ పత్రిక తరఫున ఒక నిపుణుణ్ణి రప్పించడానికి నిజాం 1,000 పౌండ్లు ఇచ్చాడు. అలా వచ్చిన లాడర్ బ్రంటన్ కూడా చివరికి లారీతోనే ఏకీభవించాడు.

థియేటర్ డ్యూటీ:
నేను మత్తు విభాగంలో పనిచేస్తాను. నా దృష్టిలో వారి కొలతలు తప్పు కావు, వాటి నుంచి తీసిన తీర్పే తప్పు. కుక్కలకు, కోతులకు ఊపిరి ఆగేదాకా గాఢంగా మత్తు ఇచ్చి రక్తపోటు నమోదు చేశారు. అంత గాఢమైన మత్తులో సాధారణంగా ముందు ఊపిరి ఆగుతుంది, గుండె ఆ తరువాత ఆగుతుంది. వారు చూసినది అదే. మనుషుల్లో హఠాత్తు మరణాలు చాలావరకు మత్తు ఇంకా పైపైనే ఉండగా, రోగి బెదిరి పెనుగులాడుతున్నప్పుడో, కత్తి తొందరపడి పెట్టినప్పుడో జరిగాయి. 1911లో గుడ్‌మన్ లెవీ తేలికపాటి క్లోరోఫారం మత్తులో ఉన్న పిల్లులకు అడ్రినలిన్ ఎక్కించి చూపించాడు: గుండె జఠరికలు (రక్తాన్ని బయటకు తోసే కింది గదులు) లయ తప్పి వణుకుతూ, రక్తాన్ని తోయలేక నిలిచిపోయాయి. భయపడినవారి ఒంట్లో అడ్రినలిన్ దానంతటదే ఊరుతుంది. హన్నా ఆపరేషన్‌కు ముందు నుంచీ భయంతో ఏడుస్తూనే ఉందన్న సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవాలి.

ఈ గుణం ఒక్క క్లోరోఫారానిదే కాదు. హేలోథేన్ అనే మత్తుమందు వాడిన రోజుల్లో, రక్తం తక్కువ కారడానికి సర్జన్ అడ్రినలిన్ కలిపిన మందు గుచ్చబోతుంటే, ‘సార్, ఎన్ని ఎంఎల్?’ అని మేము ముందే అడిగి, మానిటర్ మీద నుంచి కళ్లు తిప్పేవాళ్లం కాదు.

మూసీతీరం:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఆ రోజుల్లో హైదరాబాదు ఆస్పత్రుల్లో క్లోరోఫారం ఇచ్చినది దొరలేనా?

పాతకాగితాలు:
దొరలు మాత్రమే కాదండీ. రెండవ కమిషన్ సభ్యుల్లోనే డాక్టర్ రుస్తుంజీ హకీం ఉన్నారు. లారీ పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూంజీ అనే పార్సీ మహిళ ఇక్కడి ఆస్పత్రుల్లో ఏళ్ల తరబడి క్లోరోఫారం ఇచ్చారు. ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఆమె ఒకరు. తన పనికి పనికొస్తాయని భౌతిక, రసాయన శాస్త్రాలు చదవడానికి 1909లో ఆమె వెళ్లినది కూడా ఎడింబరోకే.