150 ఏహెచ్ బ్యాటరీ రెండున్నర గంటలకే చేతులెత్తేసింది. ఇదేం కెపాసిటీ?

కశింకోట_కుర్రాడు:
అన్నలూ, లెక్క తేలక బుర్ర పాడవుతోంది. ఆరు నెలల కింద ఇన్వర్టర్ పెట్టించాను. బ్యాటరీ 12 ఓల్టులు, 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు), టాల్ ట్యూబ్యులర్ రకం. ఇంట్లో మూడు ఫ్యాన్లు (ఒక్కోటి 75 వాట్లు), నాలుగు ట్యూబ్‌లైట్లు (ఒక్కోటి 20), టీవీ 90, వైఫై డబ్బా 10. మొత్తం 405 వాట్లు. 12ని 150తో గుణిస్తే 1800. దాన్ని 405తో భాగిస్తే దగ్గర దగ్గర నాలుగున్నర గంటలు రావాలి కదా! మొన్న ఆదివారం లైన్ల మీద కొమ్మలు కొడుతున్నారని పొద్దున్న తొమ్మిదింటికి కరెంటు తీశారు. పదకొండున్నరకి ఇన్వర్టర్ కీచుమని అరిచి ఆగిపోయింది. షాపతన్ని అడిగితే "కెపాసిటీ అంటే అంతే సార్" అన్నాడు. కొనేటప్పుడు నా జేబు కెపాసిటీ మాత్రం బాగానే చూశాడు. డబ్బా మీద రాసిన నంబరుకి అర్థం ఏమిటి అసలు?

ఇన్వర్టర్_మెకానిక్:
తమ్ముడూ, అతను మోసం చేయలేదు. అలాగని చెప్పాల్సింది చెప్పనూ లేదు. బ్యాటరీ పక్కన చిన్న అక్షరాల్లో సీ20 అని ఉంటుంది, టార్చి వేసి చూడు. ఏడున్నర ఆంపియర్ల చొప్పున మెల్లగా 20 గంటలు లాగితే 150 వస్తుందని దాని అర్థం. అదీ 27 డిగ్రీల దగ్గర, కొత్త బ్యాటరీ అయితే.

నువ్వు లాగిందెంత? ఇంట్లోకి 405 వాట్లు రావాలంటే బ్యాటరీలోంచి 500 దాకా పోవాలి, ఇన్వర్టర్ తన వాటా తను తింటుంది. 500ని 12తో భాగిస్తే 42 ఆంపియర్లు. ఏడున్నర ఎక్కడ, 42 ఎక్కడ! అంత జోరుగా లాగితే ప్లేట్ల లోపలికి యాసిడ్ చేరే టైం ఉండదు. పైపైన ఉన్నదే ఖర్చయి ఓల్టేజీ పడిపోతుంది, ఇన్వర్టర్ కట్ చేసేస్తుంది. 150లో 100 వచ్చినా గొప్పే. ఆ 100ని 42తో భాగించు, రెండు గంటల ఇరవై నిమిషాలు. నీకు రెండున్నర వచ్చిందంటే బ్యాటరీ బాగానే ఉన్నట్టు.

బోరు లాంటిదనుకో. చిన్న మోటరుతో తోడితే రోజంతా ఇస్తుంది, పెద్ద మోటరు పెడితే అరగంటలో గాలి కక్కుతుంది. ఊరే టైం ఇవ్వాలి. ఈసారి ఆగిపోయాక అరగంట వదిలేసి మళ్లీ స్విచ్ వెయ్, ఇంకో పది నిమిషాలు ఫ్యాను తిరుగుతుంది. ప్యూకర్ట్ అనే జర్మన్ ఆయన 1897లోనే దీనికి సూత్రం కట్టాడు, మన షాపుల దాకా ఇంకా రాలేదు. ఒక ఫ్యాను, టీవీ ఆపి ఓసారి చూడు. డిస్టిల్డ్ వాటర్ ఎప్పుడు పోశావు?

నంద్యాల_పెద్దాయన:
ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. బాబూ, నీ బ్యాటరీ నయం. శ్రీశైలం కట్టినప్పుడు 885 అడుగుల దగ్గర 308 టీఎంసీలు పడుతుందన్నారు. కృష్ణ ఏటా తెచ్చిన ఒండ్రు అడుగున పేరుకుని ఇప్పుడు 215 చిల్లరే. గేట్లు అవే, గోడ అదే, 885 అడుగులూ అవే. పైగా ఆ 215 కూడా మొత్తం మనది కాదు. పోతిరెడ్డిపాడు నుంచి సీమకు నీళ్లు సరిగ్గా పారాలంటే 854 అడుగులైనా ఉండాలి. అంతకన్నా దిగితే డ్యామ్‌లో నీళ్లు కళ్ల ముందే ఉంటాయి, కాలువలోకి మాత్రం రావు. ఎండాకాలం రైతులు వచ్చి "అన్ని నీళ్లు పెట్టుకుని లేవంటారేంది సార్" అంటే జవాబు చెప్పలేక మేం పడిన అవస్థ ఇంతా అంతా కాదు.

మియాపూర్_మాధురి:
మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో "8 మంది, 544 కిలోలు" అని ఉంది. అంటే తలకి 68. పెళ్లికొచ్చిన మా మామయ్యలు ఆరుగురు ఎక్కి, బిందెలు కూడా పెట్టేసరికి కూత మొదలు. ఎవరు దిగాలా అని మొహమొహాలు చూసుకున్నారు 😂 అది సరే, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ నా 5,000 ఫోన్‌కి రెండుసార్లు ఎందుకు ఎక్కదు?

ఇన్వర్టర్_మెకానిక్:
అదే కథ అమ్మా. ఆ 10,000 లోపలి సెల్ లెక్క, 3.7 ఓల్టుల దగ్గరిది. బయటికి 5 ఓల్టులు చేసి పంపాలి, అక్కడే 7,400కి దిగుతుంది. ఆ పైన వేడి రూపంలో పోయేది పోతుంది. ఒకటిన్నర సార్లు ఎక్కితే మంచిదే అనుకో. వెనకాల సన్నగా "రేటెడ్ కెపాసిటీ" అని ఇంకో నంబరు ఉంటుంది, కొనేటప్పుడు అది చూడాలి.

కశింకోట_కుర్రాడు:
అప్‌డేట్. సీ20 అని నిజంగానే ఉంది, గోడవైపు తిప్పి పెట్టారు. నిన్న కావాలని మెయిన్ ఆపి, టీవీ, ఒక ఫ్యాను తీసేసి 240 వాట్ల మీద నడిపాను. నాలుగు గంటల ఇరవై నిమిషాలు వచ్చింది! లోడు సగం కూడా తగ్గించలేదు, టైం మాత్రం ముప్పావు వంతు పెరిగింది. సీరియల్ టైముకి టీవీ ఆపానని అమ్మ ఇంకా మాట్లాడట్లేదు.

ఇన్వర్టర్_మెకానిక్:
సంతోషం. నీళ్ల సంగతి మాత్రం చెప్పలేదు నువ్వు.

కశింకోట_కుర్రాడు:
ఇప్పుడే మూతలు చూశాను అన్నా. ఆరింట్లో రెండింటి ఫ్లోట్‌లు ఎర్ర గీత దాకా దిగిపోయాయి. రేపు పొద్దున్నే తెచ్చి పోస్తాను.

ఇన్వర్టర్_మెకానిక్:
డిస్టిల్డ్ వాటరే. మినరల్ వాటర్ క్యాన్‌లోది పోసేవు సుమా.