పాత పికప్‌తో 32 క్వింటాళ్ల ట్రైలర్: డాలస్‌కు కొత్తగా వచ్చిన తమ్ముడికి మనోళ్ల జవాబులు

నాగర్‌కర్నూల్ (డాలస్‌కు కొత్త): అన్నలకు నమస్తే. 2007 మోడల్ పికప్ కొన్నాను. పాత ట్రాక్టర్‌ను ట్రైలర్ మీద ఆస్టిన్ దగ్గరి పొలానికి చేర్చాలి. మొత్తం 7,000 పౌండ్లు, అంటే 32 క్వింటాళ్లు. బండి 9,000 లాగుతుందని అమ్మినాయన చెప్పాడు. పోవచ్చా?

మిర్యాలగూడ (14 ఏళ్లుగా డాలస్): తమ్ముడూ, లాగడం కాదు, ఆగడం చూసుకో. టెక్సాస్‌లో ట్రైలర్ సరుకుతో కలిపి 4,500 పౌండ్లు దాటితే దానికి సొంత బ్రేకులుండాలి. ఎలక్ట్రిక్ బ్రేకులైతే వాటిని పనిచేయించే కంట్రోలర్ క్యాబిన్‌లో కావాలి. పాత బండ్లలో చాలావాటికి అది విడిగా బిగించుకోవాల్సిందే.

ట్రైలర్ ఎక్కడ పెడతావో కూడా ఇప్పుడే చూసుకో. నేను వచ్చిన ఏడాది అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పెట్టాను. లీజు ఆఫీసులో నోటిమాటగా సరేనన్నారు. మూడోరోజు పొద్దున చూస్తే లేదు, టోయింగ్ వాళ్లు ఎత్తుకుపోయారు. ఆఫీసుకు పోతే లీజు కాగితం తీసి, ట్రైలర్లు వద్దని ఉందిగా అన్నారు. యార్డుకు పోతే ట్రైలర్ టైటిల్, అంటే యాజమాన్య కాగితం, పాత ఓనరు పేరు మీదే ఉందని ఇవ్వలేదు. ఆయన్ను వెతికి సంతకం పెట్టించేసరికి నాలుగు రోజులు, రోజుకింత అని స్టోరేజీ. ఆ టెన్షన్ నీకొద్దు. అనుమతి ఈమెయిల్లో తీసుకో, టైటిల్ నీ పేరుకు మార్పించుకో.

దేవరకొండ (హ్యూస్టన్): బ్రేకులు సరే అన్నా, ముందు డ్రైవర్ డోరు దగ్గరి స్టిక్కర్ చూడనివ్వండి. మనుషులు, సామాను కలిపి ఎంత మోయాలో అక్కడ ఉంటుంది. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే పికప్ వెనక ట్రైలర్ తగిలించే చోట పడాలి. 12 శాతమనుకున్నా 840 పౌండ్లు. స్టిక్కర్ మీద 1,450 ఉంటే మిగిలేది 610. నలుగురు ఎక్కితే అయిపోయింది.

మరి హిచ్ మీద బరువు తగ్గిద్దామని ట్రాక్టర్‌ను వెనక్కి జరపకు. ఎడ్లబండిలో బస్తాలు వెనక్కి పేరిస్తే కాడి పైకి లేచి పలుపు ఎద్దు గొంతుకు బిగుసుకోదా? ఇక్కడ ట్రైలర్ తోక ఊపుతుంది, హైవే మీద పికప్‌ను కూడా పక్కకు లాగేస్తుంది.

వనపర్తి (డాలస్): అంత భయపెట్టొద్దన్నా. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ వేస్తే సరిపోతుంది. నేను అలాగే లాగుతున్నాను.

దేవరకొండ: అది బరువును ముందు ఇరుసుకు కొంత పంచుతుందంతే తమ్ముడూ. స్టిక్కర్ మీది అంకె పెరగదు.

మిర్యాలగూడ: ఇద్దరూ టైర్లు మరిచారు. పక్కన నాలుగంకెలుంటాయి, 1815 అంటే 2015లో 18వ వారం. అరగకపోయినా ముసలి టైరు ఎండకు పేలుతుంది. గేరుబాక్సు ఆయిల్ కూడా మార్పించు.

నాగర్‌కర్నూల్: అన్నా, డోరు చూశాను, 1,380 ఉంది. అమ్మానాన్నలను వేరే కార్లో పంపి నేనొక్కడినే నడుపుతాను. కంట్రోలర్ బిగించాక ట్రక్ స్టాప్ ధర్మకాంట మీద తూచి అంకెలు ఇక్కడే పెడతాను.