చేర్యాల పటం ప్రాజెక్టు: పిల్లల చేత బొమ్మకు రంగు వేయించాలా, కథ చెప్పించాలా?

నాలుగో తరగతి ఉపాధ్యాయిని (చర్చ ప్రారంభం)

ప్రాథమిక తరగతుల్లో ‘మన కళలు’ ప్రాజెక్టు అనగానే తెలంగాణలోని చేర్యాల ఊరి పేరుతో పిలిచే పటచిత్రాల్లోని బొమ్మ రూపురేఖలను జిరాక్సు తీయించి, పిల్లలకు పంచి, రంగులు వేయించి గోడకు అంటించడం చాలా బడుల్లో ఆనవాయితీ అయిపోయింది. దీనితో పిల్లలకు ఆ కళ పరిచయమైనట్టేనా? కాలేదని నా అభిప్రాయం. ఒకే ముఖం, ఒకే కిరీటం ఉన్న కాగితాలు గోడ నిండా వేలాడుతుంటే ఏ పిల్ల ఏం గమనించిందో తెలిసే దారే ఉండదు. పైగా చేర్యాల చిత్రం అలంకారానికి పుట్టిన విడిబొమ్మ కాదు. ఊరి జనం ముందు చుట్ట విప్పుతూ, ఒక్కో గడినీ చూపిస్తూ కథ చెప్పడానికి పుట్టిన పటం అది.

ఉన్నత పాఠశాల డ్రాయింగ్ మాస్టారు

మేడం గారూ, చూసి గీయడాన్ని అంత తేలిగ్గా తీసిపారేయకండి. చేర్యాల పటాలు గీసే నకాషీ కుటుంబాల్లో పిల్లలకు చెయ్యి తిరిగేది పెద్దల గీతను చూసి గీయడం వల్లనే. వియన్నాలో ఫ్రాంజ్ చిజెక్ 1897లో పిల్లలకు చిత్రకళా తరగతి మొదలుపెట్టి, నమూనాలు వద్దు, వారి ఊహకు వదిలేయండి అన్నారు. యాంత్రికమైన డ్రాయింగ్ బోధన రాజ్యమేలుతున్న ఆ రోజుల్లో ఆ మాట అవసరమే. కానీ చేతికి ఏ గీతా అలవాటు కాని పిల్లవాడికి తెల్ల కాగితం ఇచ్చి ‘నీ ఊహ గీయి’ అంటే, రెండు కొండలు, నడుమ సూర్యుడు, పక్కన గుడిసె తప్ప మరొకటి రాదు. అయితే జిరాక్సు గీతల్లో రంగు నింపడం వేరు, కళ్లతో చూసి గీయడం వేరు. మొదటిదాన్ని నేనూ సమర్థించను.

నాలుగో తరగతి ఉపాధ్యాయిని

ఆ తేడాను ఒప్పుకుంటాను, మాస్టారూ. కానీ నకాషీ ఇంటి పిల్లవాడు గీతతో పాటు అది ఏ కథలోదో, ఎవరి కోసమో కూడా వింటూ పెరుగుతాడు. మన పిల్లలకు ఆ వినికిడి లేదు కనుక దానిని మనమే కల్పించాలి. పని జరిగే వరుస కూడా వారికి తెలియాలి. ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, బంక కలిపి పూతలు పూసి ఆరబెడతారు. కుంచెతో నేరుగా బొమ్మలు గీసి, మొదట బొమ్మల వెనకున్న నేపథ్యమంతా ఎరుపు నింపి, ఆ తర్వాత మనుషులకూ బట్టలకూ రంగులు వేసి, చివరికి నల్లగీతతో ముగిస్తారు. ఎరుపు నిండగానే బొమ్మలు ఒక్కసారిగా ముందుకు వచ్చి నిలబడడం పిల్లలు తమ కాగితం మీద చూడవలసిన విషయం.

మా తరగతిలో జట్లుగా కూర్చుని, పొడవాటి కాగితాన్ని గళ్లుగా విభజించి, గళ్ల నడుమ పూల అంచు వేసి, చెరువు నిండిన రోజును కథగా గీశారు. ఒక పాప కట్టమీద నిలబడ్డ నానమ్మను ఇళ్లకన్నా ఎత్తుగా గీసింది. ఎందుకని అడిగితే, ఆ రోజు సంగతి తనకు చెప్పింది నానమ్మే కదా అంది. తర్వాత ఇద్దరు పటాన్ని పట్టుకుంటే, ఒకరు పుల్లతో గడి గడినీ చూపిస్తూ కథ వినిపించారు. జిరాక్సు కాగితంలో ఇందులో ఏ ఒక్కటైనా జరిగేదా?

జానపద కళల పరిశోధక విద్యార్థి

కథ అన్నప్పుడు అది ఎవరి కథో కూడా చెప్పాలి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు, ఇలా కులానికొక కథకుల బృందం ఉండడం వల్లనే ఈ పటాలకు గిరాకీ నిలిచింది. కులం మాట ఎత్తడం ఇష్టం లేక ‘పురాణ చిత్రాలు’ అని దాటవేస్తే, వాటిని రాయించుకుని మోసినవారే చరిత్రలోంచి జారిపోతారు. పదేళ్ల పిల్లలకు కూడా ఈ సంగతిని గౌరవంగా చెప్పవచ్చు.

మరొక జాగ్రత్త కూడా అవసరం. మహారాష్ట్రకు చెందిన వార్లీ గిరిజనుల చిత్రాల్లోని నాట్యం, పొలం పని పిల్లల చేత గీయించడంలో నాకు అభ్యంతరం లేదు; జివ్యా సోమా మషే వంటి వార్లీ కళాకారులే వాటిని గోడమీది నుంచి కాగితం మీదికి తెచ్చి లోకానికి చూపారు, 2011లో మషేకు పద్మశ్రీ కూడా వచ్చింది. కానీ శ్రీకాకుళం, మన్యం ప్రాంతాల సవర గిరిజనులు పూర్వీకుల కోసం పూజతో గోడమీద వేసే చిత్రాన్ని గ్రీటింగు కార్డు నమూనాగా ఇవ్వడం నాకు సమ్మతం కాదు. దాన్ని చూపించి, ఎందుకు వేస్తారో చెప్పి, అక్కడితో ఆపాలి.

ఉన్నత పాఠశాల డ్రాయింగ్ మాస్టారు

సవర చిత్రాల విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. మేడం గారి పద్ధతిలో నాకు కనిపించే చిక్కు సమయమే. నలభై నిమిషాల పీరియడులో రంగు ఆరదు, కథ తెగదు. కనుక ఒక పీరియడు కేవలం కన్ను, చెయ్యి, చీర మడత చూసి గీయడానికి, మిగిలినవి తెలుగు పాఠంతో కలిపి కథకు కేటాయిస్తే నా మాటా మీ మాటా రెండూ నిలుస్తాయి.

నాలుగో తరగతి ఉపాధ్యాయిని

తెలుగు పీరియడుతో కలపడం వీలయ్యే పనే. మూడో తరగతి వరకు మాత్రం ఒక్కొక్కరికి ఒక్కో గడి ఇచ్చి, ఆఖరున అన్నీ వరుసగా అతికిస్తే చాలు. చేర్యాల నుంచి కళాకారులను బడికి పిలిచేవారు వారికి దారి ఖర్చుతో పాటు ఆ రోజు పనికి తగిన పారితోషికం కూడా ముందే మాట్లాడుకోవాలి; శాలువా కప్పి పంపించే పద్ధతికి నేను పూర్తిగా వ్యతిరేకిని.